మెరుగు పెడితే విలువ తరుగు!

బీరువాలోని విదేశీ గడియారానికి ధర కట్టేదెలా?

కరీంనగర్‌: గల్ఫ్‌ వెళ్లి వచ్చిన వారి ఇళ్లలో బీరువా తెరిస్తే పట్టుచీరల అడుగున, పాత పాస్‌పోర్టుల పక్కన ఓ చిన్న పెట్టె కనిపిస్తుంది. అందులో చేతి గడియారం. దుబాయి, మస్కట్‌, దోహాల్లో ఏళ్ల తరబడి చెమటోడ్చిన మనిషి తిరుగు ప్రయాణంలో తన కోసం కొనుక్కున్న వస్తువు బహుశా అదొక్కటే. పెళ్లిళ్లకు, పండుగలకు తప్ప చేతికెక్కదు. కరీంనగర్‌, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌ ప్రాంతాల్లోనే కాదు.. అటు కడప, రాయచోటి, కోనసీమ పల్లెల్లోనూ ఇలాంటి పెట్టెలకు కొదవ లేదు.

తండ్రి చేతి గడియారం ఇప్పుడు కుమారుడి చేతికి వచ్చింది. కళాశాల ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడో, ఆసుపత్రి ఖర్చు మీద పడినప్పుడో ‘దీనికెంత వస్తుంది?’ అనే ప్రశ్న ఉదయిస్తుంది. మరోవైపు కొత్తగా ఉద్యోగాల్లో స్థిరపడిన యువకులు కొత్త గడియారం ధర చూసి వెనక్కి తగ్గి, అదే కంపెనీది వాడినది దొరుకుతుందేమోనని వెతుకుతున్నారు. అసలైన దాన్ని కారుచౌకగా వదులుకునేవారు కొందరు. నకిలీని లక్షలు పోసి కొనేవారు మరికొందరు. ఈ రెండు నష్టాలకూ మూలం ఒకటే. గడియారంలో విలువ ఎక్కడ ఉంటుందో తెలియకపోవడం.

బంగారం తూకం కాదు

పాత వస్తువును అమ్మడమంటే మనకు తెలిసిన పద్ధతి బంగారం దుకాణానిదే. తూకం వేస్తారు, తరుగు తీస్తారు, ఆనాటి ధర కట్టిస్తారు. గడియారాన్ని అదే దృష్టితో చూడటం తొలి పొరపాటు. స్విట్జర్లాండ్‌కు చెందిన పటేక్‌ ఫిలిప్‌ కంపెనీ ప్రత్యేకంగా తయారుచేసిన ఒక గడియారం 2019 నవంబరులో జెనీవాలో జరిగిన దాతృత్వ వేలంలో 3.10 కోట్ల స్విస్‌ ఫ్రాంకులు పలికింది. దాని కేసు బంగారం కాదు, ఉక్కు! అంతకు రెండేళ్ల ముందు, 2017 అక్టోబరులో హాలీవుడ్‌ నటుడు పాల్‌ న్యూమన్‌ ధరించిన రోలెక్స్‌ డేటోనా న్యూయార్క్‌లో 1.77 కోట్ల డాలర్లకు పైగా తెచ్చిపెట్టింది. అదీ ఉక్కుదే. అక్కడ ధర పలికింది లోహం కాదు.. అరుదుదనం, చరిత్ర, ఆ చరిత్రకు నిలిచే సాక్ష్యం.

ఇక మన చేతుల్లోకి వచ్చే గడియారాల విషయానికి వద్దాం. రోలెక్స్‌ ఉక్కు, బంగారం కలిపి చేసే నమూనాల్లో పసుపుగా కనిపించే భాగం నిజంగానే 18 క్యారెట్ల బంగారం. మధ్య తరగతి ఇళ్లలో ఎక్కువగా కనిపించే గడియారాల్లో మాత్రం ఆ పసుపు చాలావరకు పైపూతే. దాన్ని గీకి చూపించమని అడిగే దుకాణదారు వద్ద నుంచి మర్యాదగా లేచి రావడం మేలు.

పేరున్న కంపెనీ గడియారాలన్నీ ధర నిలుపుకొంటాయన్న మాట కూడా నిజం కాదు. అత్యధిక గడియారాలు దుకాణం గడప దాటగానే విలువ కోల్పోతాయి. రోలెక్స్‌, పటేక్‌ ఫిలిప్‌, ఒడెమార్‌ పిగే వంటి కొన్ని కంపెనీల కొన్ని నమూనాలే ఇందుకు మినహాయింపు. కోరేవారు ఎక్కువ, తయారయ్యేవి తక్కువ కావడమే కారణం. 2021లోనూ, 2022 తొలి నెలల్లోనూ వీటి ధరలు చుక్కలనంటాయి. ఆ తర్వాత చాలా నమూనాలు దిగివచ్చాయి. అప్పుడు పెట్టుబడిగా భావించి అప్పు చేసి కొన్నవారు నష్టపోయారు. కనుక ‘ఇది పెరగడమే కాని తగ్గదు’ అని చెప్పే వర్తకుడి మాటను ప్లాట్లు అమ్మే ఏజెంటు మాటతో సమానంగానే స్వీకరించాలి.

ముల్లు జారితే అసలేనా?

అసలు, నకిలీ తేల్చడానికి ఊరూరా చెప్పుకొనే పరీక్ష ఒకటుంది. సెకండ్ల ముల్లు టిక్‌ టిక్‌ అని ఎగిరితే నకిలీ, నీటిలా జారితే అసలు అంటారు. ఇందులో సగం నిజమే ఉంది. లోపలి యంత్రం తీరు తెలిస్తే మిగతా సగం బోధపడుతుంది.

గడియారాలు ప్రధానంగా రెండు రకాలు. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్‌ రకం ఒకటి. జపాన్‌కు చెందిన సీకో 1969 డిసెంబరు 25న తొలి క్వార్ట్జ్‌ చేతి గడియారాన్ని విక్రయానికి పెట్టింది. వీటిలో ముల్లు సాధారణంగా సెకనుకొకసారి ఎగురుతుంది. రెండోది స్ప్రింగు బలంతో నడిచే యాంత్రిక రకం. రోజూ కీ ఇచ్చేవి కొన్ని. చేయి కదలికకు లోపలి అర్ధచంద్రాకారపు బరువు తిరిగి తమంతట తామే కీ ఎక్కించుకొనే ఆటోమేటిక్‌లు మరికొన్ని. నేటి యాంత్రిక గడియారాల్లో చాలావాటి చక్రం గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది. అంటే సెకనుకు 8 చిన్న అడుగులు. అందుకే ముల్లు జారుతున్నట్లు కనిపిస్తుంది. పాతకాలం వాటిలో ఇది 18 వేలే. సెకనుకు 5 అడుగులు కావడంతో కొంచెం తడబడినట్లు ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే. కొన్ని వేల రూపాయలకు దొరికే ఆటోమేటిక్‌ యంత్రంలోనూ ముల్లు జారుతుంది. నకిలీ తయారీదారులు దాన్నే లోపల పెడుతున్నారు. మరోవైపు రోలెక్స్‌ 1977లో తెచ్చిన ఆయిస్టర్‌క్వార్ట్జ్‌లో ముల్లు ఎగురుతుంది, అయినా అది అసలైనదే. కాబట్టి రోలెక్స్‌ డేట్‌జస్ట్‌ అని చెబుతున్న దానిలో ముల్లు టిక్‌మంటే అనుమానించాలి. జారింది కదా అని మాత్రం డబ్బు తీయకూడదు.

టైము తప్పుతోందని అసలైన దాన్ని నకిలీగా భావించడమూ పొరపాటే. స్విట్జర్లాండ్‌లో అధికారిక సంస్థ పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే యాంత్రిక గడియారాలకే రోజుకు 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకు వెళ్లే వెసులుబాటు ఉంది. ఈ లెక్కన పాతికేళ్లుగా నూనె వేయని గడియారం రోజుకు రెండు నిమిషాలు తప్పడంలో ఆశ్చర్యం లేదు.

రాడో కథ వేరు

మన జిల్లాలో విదేశీ గడియారమంటే తొలుత గుర్తొచ్చేది రాడో. గల్ఫ్‌ నుంచి వచ్చిన అల్లుడి చేతికి అది ఉంటే ఆ హోదాయే వేరు. ఇది స్విస్‌ కంపెనీయే. 1962లో వచ్చిన డయాస్టార్‌ నమూనాతో దానికి పేరొచ్చింది. గీతలు పడని గడియారంగా దాన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. టంగ్‌స్టన్‌ కార్బైడ్‌ అనే కఠిన పదార్థంతో కేసు, నీలమణి స్ఫటికంతో అద్దం తయారుచేయడమే రహస్యం.

అసలైన డయాస్టార్‌ చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది. ముప్పై ఏళ్లు వాడినా గుండ్రని ఆ కేసు అంచుపై తాళంచెవి గీతలు కనిపించవు. నకిలీలో ఉక్కుపై మెరుపు పూత మాత్రమే ఉంటుంది కనుక కొన్నేళ్లకే గీతలు తేలతాయి, అంచుల వద్ద రంగు లేస్తుంది. అయితే కఠినమైనది పెళుసుగానూ ఉంటుంది. గచ్చుమీద పడితే అసలైన దాని అంచు పెచ్చు ఊడవచ్చు. పెచ్చు ఊడింది కాబట్టి నకిలీ అనే మాటలో పస లేదు. ఆటోమేటిక్‌ రాడోల డయల్‌పై చిన్న లంగరు గుర్తు ఉంటుంది. గడియారాన్ని అటూఇటూ వంచితే అది స్వేచ్ఛగా తిరగాలి. నకిలీల్లో చాలావాటికి ఈ లంగరును కేవలం అచ్చు వేస్తారు, లేదా కదలకుండా అతికిస్తారు. తిరిగినంత మాత్రాన అసలని కాదు. ఇరుక్కుపోయిన లంగరు మాత్రం దుమ్ము వల్ల కూడా కావచ్చు.

ధర విషయంలో ఓ చేదు నిజం చెప్పుకోవాలి. రాడో మంచి గడియారమే కాని, తిరిగి అమ్మితే రోలెక్స్‌లా డబ్బు రాదు. చాలా ఎక్కువ సంఖ్యలో తయారైన గడియారం కావడం, సేకరించేవారు తక్కువ కావడం ఇందుకు కారణాలు. సాధారణ డయాస్టార్‌కు లక్షలు ఆశించి హైదరాబాద్‌ బస్సెక్కినవారు నిరాశతోనే తిరిగి వస్తారు. అలాంటి గడియారాన్ని ఇంట్లోనే ఉంచుకుని వాడుకోవడమే లాభమని మా అభిప్రాయం.

31 లక్షల ఫ్రాంకుల అతుకుల బొంత

పూర్తి నకిలీని కనిపెట్టడం కొంత సులభం. అసలు చిక్కు అసలైన భాగాలతోనే కూర్చిన గడియారంతో. ఒకదాని కేసు, మరొకదాని డయల్‌, ఇంకొకదాని యంత్రం. వర్తక భాషలో దీన్ని ‘ఫ్రాంకెన్‌ వాచ్‌’ అంటారు. మనవాళ్ల భాషలో అతుకుల బొంత.

ఇందులో ఎంతటివారు బోల్తా పడగలరో చెప్పే ఉదంతం ఒకటుంది. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్‌ సంస్థ నిర్వహించిన వేలంలో 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్‌ 31 లక్షలకు పైగా స్విస్‌ ఫ్రాంకులకు అమ్ముడుపోయింది. వేలానికి ముందు వేసిన అంచనా 80 వేల నుంచి 1.20 లక్షల ఫ్రాంకులే. ఎండకు గోధుమ రంగులోకి మారిన డయల్‌ ముచ్చటగా ఉందని అందరూ ముక్కున వేలేసుకున్నారు. తీరా 2023లో వెల్లడైన విషయమేమంటే.. అది పలు గడియారాల భాగాలు కలిపి కూర్చినది. తన సొంత మ్యూజియం కోసం దాన్ని కొన్నది మరెవరో కాదు, స్వయంగా ఒమేగా కంపెనీయే! ఈ వ్యవహారంలో తమ మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉందని ఆ కంపెనీ ప్రకటించింది. తయారుచేసిన కంపెనీకే ఇంతటి దెబ్బ తగిలితే చరవాణిలో నాలుగు ఛాయాచిత్రాలు చూసి బయానా పంపే సామాన్యుడి సంగతి చెప్పనక్కర్లేదు.

ఇదేదో విదేశాల ముచ్చట అనుకోవద్దు. మన హెచ్‌ఎంటీనే చూడండి. జపాన్‌ కంపెనీ సిటిజన్‌ సహకారంతో 1961లో బెంగళూరులో గడియారాల తయారీ మొదలైంది. జనతా, పైలట్‌ వంటి నమూనాలు ఇంటింటా వెలిశాయి. గడియారాల విభాగాన్ని మూసివేయాలని 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించాక పాతవాటికి గిరాకీ పెరిగింది. ఆ గిరాకీని చూసి పాత యంత్రాలకు ముదురు ఎరుపు, ఆకుపచ్చ, నారింజ రంగుల కొత్త డయళ్లు అతికించి ‘అరుదైన నమూనా’ పేరిట అమ్మే వ్యాపారం సాగుతోంది. వాటిలో చాలావరకు హెచ్‌ఎంటీ వేసిన డయళ్లు కావు. అందంగా ఉందని కొనుక్కుంటే తప్పులేదు. అరుదైనదని ఎక్కువ పెడితేనే నష్టం. ఫావర్‌ లూబా, వెస్టెండ్‌ వంటి పాత స్విస్‌ గడియారాలకూ ఇదే గతి పట్టింది.

ఆ ‘మెరుగు’ వద్దు

అతుకులు కొన్ని మోసం కోసం చేసినవి. చాలావరకు మాత్రం మంచి చేద్దామనే చేసినవి. ఇంట్లోని పాత గడియారాన్ని బాగుచేయిస్తే దుకాణదారు ‘కొత్తదానిలా చేసి ఇస్తాను’ అంటాడు. డయల్‌కు రంగు వేస్తాడు, ముళ్లు మారుస్తాడు, కేసును యంత్రంపై పట్టి తళతళలాడిస్తాడు. ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. అమ్మబోయే నాడు అసలు విషయం తెలుస్తుంది.

మెరుగు పెట్టడమంటే లోహాన్ని కొద్దికొద్దిగా అరగదీయడమే. కంపెనీలో పదునుగా తీర్చిన అంచులు గుండ్రబడతాయి. పట్టీ తగిలించే నాలుగు కొమ్ములు సన్నబడతాయి. అరిగిన లోహం తిరిగి రాదు. గీతలున్నా అంచులు పదునుగా ఉన్న గడియారానికి పెట్టే ధరను, అద్దంలా మెరిసే అరిగిన గడియారానికి తెలిసిన కొనుగోలుదారు పెట్టడు. డయల్‌ విషయంలో ఇది మరింత నిజం. మచ్చలు పడిన అసలు డయల్‌ ముందు కొత్త రంగు వేసిన డయల్‌ దిగదుడుపే. పాత గడియారం ధరలో ప్రధాన భాగం డయల్‌దేనని చెప్పినా అతిశయోక్తి కాదు.

డయల్‌ మారిందో లేదో చీకటిగదిలోనూ కొంత తెలుసుకోవచ్చు. అంకెలపై మెరిసే పదార్థంగా 1960ల వరకు రేడియం వాడారు. ఆ తర్వాత 1990ల చివరి వరకు ట్రిటియం వచ్చింది. అలాంటి డయళ్ల అడుగున ‘స్విస్‌’ అనే మాటకు అటూఇటూ ఆంగ్ల అక్షరం ‘టి’ ఉంటుంది. ట్రిటియం శక్తి దాదాపు 12 ఏళ్లకు సగమవుతుంది. కాబట్టి 1975 నాటిదని చెబుతున్న గడియారం చీకట్లో గంటల తరబడి ధగధగలాడుతుంటే ఆ డయల్‌ మార్చినదో, ఆ పదార్థం కొత్తగా పూసినదో అయి ఉంటుంది. రేడియం డయళ్లు వెలగడం మానేసినా వాటిలోని కిరణ ధార్మికత వందల ఏళ్లు పోదు. అద్దం మూసి ఉన్నంతవరకు కంగారు అక్కర్లేదు కాని, అలాంటి గడియారాన్ని ఇంట్లో విప్పి డయల్‌ను గోటితో గీకడం ప్రమాదకరం. పిల్లల చేతికి అసలే ఇవ్వకూడదు.

నంబరు ఒక్కటే చాలదు

పాత రోలెక్స్‌లకు పట్టీ విప్పితే రెండు కొమ్ముల నడుమ కేసు పక్కభాగంలో అంకెలు కనిపిస్తాయి. 12 గంటల వైపు ఉన్నది నమూనా సంఖ్య, 6 గంటల వైపు ఉన్నది క్రమసంఖ్య. 2000వ దశకం మధ్య నుంచి క్రమసంఖ్యను అద్దం అడుగున లోపలి వలయంపై చెక్కుతున్నారు. గతంలో ఈ సంఖ్యను బట్టి తయారైన సంవత్సరాన్ని ఉజ్జాయింపుగా చెప్పేవారు. 2010 నుంచి వరుసతో సంబంధం లేని సంఖ్యలు ఇస్తుండటంతో ఆ వీలు పోయింది. తేదీపై ఉండే భూతద్దం అంకెను రెండున్నర రెట్లు పెద్దదిగా చూపాలి. సబ్‌మెరైనర్‌ వంటి నమూనాకు వెనుక అద్దపు మూత బిగించి యంత్రం కనిపించేలా చేస్తే అది కంపెనీ పని కాదని వెంటనే చెప్పవచ్చు.

నకిలీ తయారీదారులు ఒక అసలైన గడియారం సంఖ్యనే వందల గడియారాలపై చెక్కగలరు. వారంటీ కార్డును, పెట్టెను కూడా అచ్చు గుద్దినట్లు దించుతున్నారు. అందువల్ల కాగితంపై సంఖ్య, కేసుపై సంఖ్య సరిపోయాక కూడా మూత తెరిచి యంత్రాన్ని చూడాల్సిందే. ఆ పని ఇంట్లో కత్తిమొనతో చేసేది కాదు. సరైన పనిముట్లున్న మెకానిక్‌తోనో, కంపెనీ గుర్తించిన సర్వీసింగ్‌ కేంద్రంలోనో చేయించాలి. దానికయ్యే రుసుముకు వెనుకాడి లక్షలు పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. కొన్ని కంపెనీలు ఫలానా సంఖ్య గల గడియారం ఫలానా ఏడాది తయారైందని తమ రికార్డుల నుంచి పత్రం ఇస్తాయి. పటేక్‌ ఫిలిప్‌ అలాంటిదే. రోలెక్స్‌ ఇవ్వదు.

దుకాణం గడప ఎక్కే ముందు

అమ్మేవారు తొలుత చేయాల్సింది ఏమీ చేయకపోవడమే! కడగవద్దు, మెరుగు పెట్టించవద్దు, పట్టీ మార్చవద్దు. పెట్టె, బిల్లు, వారంటీ కార్డు, పాత సర్వీసింగ్‌ రసీదులు, చైను పొడవు తగ్గించినప్పుడు తీసేసిన లింకులు.. అన్నీ వెతికి ఒకచోట చేర్చాలి. సంఖ్యలు కనిపించేలా ఛాయాచిత్రాలు తీసి ఉంచుకోవాలి. ఒక్క దుకాణం మాటతో సరిపెట్టక కనీసం ముగ్గురిని అడగాలి. ‘ఇక్కడ పెట్టి వెళ్లండి, సాయంత్రం చెబుతాం’ అంటే సంఖ్య, నమూనా, స్థితి రాసిన రసీదు లేకుండా వదలకూడదు. లోపలి యంత్రాన్నో, డయల్‌నో మార్చి వెనక్కి ఇచ్చిన ఉదంతాలు ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు.

దుకాణదారు రెండు రకాలుగా కొంటాడు. వెంటనే డబ్బిచ్చి తీసుకోవడం ఒక పద్ధతి. తన లాభం, సర్వీసింగ్‌ ఖర్చు, అమ్ముడుపోని నష్టభయం అన్నీ తీసేసి ధర చెబుతాడు కనుక అది తక్కువగానే ఉంటుంది. మరో కొనుగోలుదారుకు అమ్మిపెట్టి కమీషను తీసుకోవడం రెండోది. ఇందులో ఎక్కువ వస్తుంది కాని నెలలు పట్టవచ్చు. ఆసుపత్రి బిల్లు రేపే కట్టాలంటే మొదటిది తప్పదు. అవసరం అంత తొందర లేనివారు రెండోదానికి రాతపూర్వక ఒప్పందంతో వెళ్లడం ఉత్తమం.

కొనేవారు హామీ ఇచ్చే సంస్థలను ఆశ్రయిస్తే కొంత ఎక్కువ ధర పెట్టాల్సి వస్తుంది, నిద్ర మాత్రం పడుతుంది. రోలెక్స్‌ స్వయంగా 2022 డిసెంబరులో వాడిన గడియారాలకు ధ్రువీకరణ పథకాన్ని ప్రారంభించి రెండేళ్ల హామీ ఇస్తోంది. భారత్‌లోనూ ఎథోస్‌ వంటి గడియారాల విక్రయ సంస్థలు వాడినవాటిని పరీక్షించి అమ్ముతున్నాయి. వ్యక్తుల వద్ద కొంటే అమ్మేవారి గుర్తింపు పత్రం నకలు, సంతకంతో కూడిన విక్రయ పత్రం తీసుకోవాలి. దొంగసొత్తు అని తెలిసి కొంటే కొన్నవారిపైనా కేసు తప్పదు. ఎంతకైనా నమ్మలేనంత తక్కువ చెబితే అసలు కారణమేమిటో తేలేవరకు ఆగాలి.

చెల్లింపు బ్యాంకు ద్వారా జరగడమే ఇద్దరికీ క్షేమం. 2017 ఏప్రిల్‌ నుంచి ఒక లావాదేవీలో రూ.2 లక్షలు, అంతకు మించిన నగదు స్వీకరించడంపై నిషేధం ఉంది. రూ.10 లక్షలు దాటిన చేతి గడియారాల అమ్మకంపై వ్యాపారులు 1 శాతం పన్ను వసూలు చేసి జమచేయాలన్న నిబంధన 2025 ఏప్రిల్‌ 22న అమల్లోకి వచ్చింది. కొన్నవారు ఆదాయపు పన్ను లెక్కల్లో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. స్విట్జర్లాండ్‌ సహా 4 ఐరోపా దేశాలతో కుదిరిన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమలవుతోంది. దీని కింద స్విస్‌ గడియారాలపై దిగుమతి సుంకం దశలవారీగా తగ్గాల్సి ఉంది. కొత్తవాటి ధర తగ్గితే ఆ ప్రభావం వాడినవాటిపైనా పడుతుంది. అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ దృష్టిలో పెట్టుకోదగిన విషయమిది.

గల్ఫ్‌ నుంచి తెచ్చేవారు ‘చేతికి పెట్టుకుని దిగితే ఎవరూ అడగరు’ అన్న మాటను నమ్మడం తగదు. అక్కడ కొన్న ఖరీదైన గడియారం సుంకం మినహాయింపు పరిమితి దాటితే విమానాశ్రయంలో ప్రకటించి సుంకం చెల్లించాలి. లేకుంటే స్వాధీనం చేసుకునే అధికారం కస్టమ్స్‌కు ఉంది. ఇక్కడి నుంచే తీసుకెళ్లే గడియారమైతే వెళ్లేనాడే విమానాశ్రయంలో కస్టమ్స్‌ అధికారికి చూపించి ఎగుమతి ధ్రువపత్రం రాయించుకోవాలి. సెలవుపై తిరిగి వచ్చినప్పుడు అది చూపితే ఆ గడియారంపై సుంకం అడగరు. సుంకం కట్టిన రసీదు ఉంటే పెట్టెలోనే భద్రపరచాలి, అమ్మే రోజున దానిని మొదట అడుగుతారు.